రెండో తుమ్ము పడేదాకా

కాలం ఆగిపోయినప్పుడు ఫ్యాన్ తిరగొచ్చా? ఈ ప్రశ్న మీద నేను రెండేళ్లు జీతం తీసుకున్నాను. నవ్వకండి, నిజంగానే నా ఉద్యోగం అది.

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్లే దారిలో, రోడ్డుకు బాగా లోపలగా ఒక ఫామ్‌హౌస్ ఉంది. అందులో ‘ఒక్క తుమ్ము’ అనే టీవీ కామెడీ తీసేవాళ్లం. ఆదివారం ఆదివారం వచ్చేది. కథ చాలా చిన్నది. గోపి అనే కుర్రాడు తుమ్మితే లోకం మొత్తం ఆగిపోతుంది. బస్సు ఆగుతుంది, పోస్తున్న చాయ్ గాల్లో ఆగుతుంది, తిడుతున్న మేనత్త నోరు తెరిచినట్టే ఆగుతుంది. గోపి ఒక్కడే కదులుతాడు, కావలసినంత అల్లరి చేసుకుంటాడు. రెండో తుమ్ము తుమ్మితే లోకం మళ్లీ నడుస్తుంది. మన ఇళ్లలో బయలుదేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి కదులుతాం కదా. వెంటనే రెండోది పడితే ‘మంచిదే, పో’ అంటాం. మా డైరెక్టర్ ప్రణవ్ సార్ ఆ అలవాటును లాగి లాగి లోకానికంతా చుట్టాడు.

నా పేరు కవిత. మాది షాబాద్. కాలం ఆగినప్పుడు ఎవరి చెయ్యి ఎక్కడుంది, ఎవరి కొంగు ఏ భుజం మీదుంది, గ్లాసులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయి అని ఫోటోలు తీసి రిజిస్టర్‌లో రాసుకోవడం నా పని. దాన్నే కంటిన్యూటీ అంటారు. కోపం ఎక్కువున్న మనిషికి ఇంతకంటే చెడ్డ పని దొరకదు. నలభై మందిని కదలకుండా నిలబెడితే అందులో ఒకడికి దురద పుడుతుంది, ఒకామెకు దగ్గొస్తుంది, ఇంకొకడు చెప్పు సర్దుకుంటాడు. నేను అరుస్తాను. వాళ్లు వెనక నన్ను ఏమనుకునేవాళ్లో నాకు తెలుసు, రాయను.

ఇక లాజిక్ సంగతి. మూడో వారం ఎపిసోడ్‌లో అందరూ ఆగిపోయారు గానీ పైన ఫ్యాన్ మాత్రం హాయిగా తిరిగింది. చూసినవాళ్లు ఊరుకుంటారా? ఆ తర్వాత ఎపిసోడ్‌లో కుక్క ఒకటి ఆగిపోయిన పెళ్లి మధ్యలోంచి తోక ఊపుకుంటూ నడిచిపోయింది. “కుక్కలు తుమ్ముకు ఆగవమ్మా” అన్నాడు ప్రణవ్ సార్. మరి లోకం ఆగితే గోపి తిప్పిన నల్లాలో నీళ్లెలా వస్తాయి? గాలి ఆగితే వాడు ఊపిరెలా పీలుస్తాడు? వెలుతురు ఆగితే వాడికి కళ్లెలా కనబడతాయి? నేను అడిగీ అడిగీ అలిసిపోయాను. “కామెడీని లాజిక్ అడిగితే పాపం తగులుతుంది కవితా” అని ఆయన చాయ్ తాగేవాడు.

అంతమ్మ మాకు దొరికింది ఆ పెళ్లి సీన్‌లోనే. అప్పటికి ఆమె ఫామ్‌హౌస్‌లో ఊడ్చే పని చేసేది. పెళ్లివాళ్లలో ఒకామె రాలేదు, వరసలో ఖాళీ కనబడుతోంది. చీపురు పక్కన పెట్టించి, పట్టుచీర కట్టించి నిలబెట్టాం. యాభై ఎనిమిదేళ్ల మనిషి, సన్నగా, కాస్త వంగిన భుజాలతో ఉంటుంది. గోపి వేషం వేసే సాయి తేజ తుమ్మాడు. నాలుగు నిమిషాల షాట్. కెమెరాలో చూస్తే మిగతావాళ్లు గాలికి జెండాల్లా ఊగుతున్నారు, ఈమె గోడకు కొట్టిన మేకులా ఉంది. కనుబొమ్మ మీద ఈగ వాలింది. అది ముక్కు మీదికి దిగి, పెదవి దాకా నడిచి ఎగిరిపోయింది. అంతమ్మ రెప్ప వేయలేదు.

ఆ రోజు నుంచి ఆమె మా గోపికి పక్కింటి అవ్వ అయింది. అరవై ఒక్క ఎపిసోడ్లలో నిలబడింది. ఒక్కదానిలోనూ నోరు విప్పే అవసరం రాలేదు. నేను అరవని మనిషి ఆ యూనిట్‌లో ఆమె ఒక్కతే.

అంత కదలకుండా ఎలా ఉంటావని ఒకసారి అడిగాను. ఆమె భర్త మైసయ్య మొయినాబాద్ నుంచి చిల్కూరుకు ఆటో నడిపేవాడట. గుడికి పోయేవాళ్లతో శుక్ర, శనివారాలు ఊపిరాడని గిరాకీ. ఆటో స్టార్ట్ చేసేటప్పుడు ఎక్కినవాళ్లలో ఎవరు తుమ్మినా సరే, ఇంజన్ ఆపి, దిగి, సీసాలో నీళ్లు తాగి ఎక్కేవాడట. జనం తిట్టుకున్నా వినేవాడు కాదట. పిల్లలు లేరు. ఏడేళ్ల కింద ఆయన ఊపిరితిత్తులు చెడిపోయాయి. దవాఖానలో చేసేదేమీ లేదని ఇంటికి పంపారు.

“పండుకుంటె దమ్ము ఆడకపోవు బిడ్డా. కూసోనుంటెనే నిద్ర. నా భుజం మీద తల పెట్టి పండేటోడు. నేను జర కదిల్తె లేస్తుండె, లేస్తె దగ్గు. గందుకే కదలకపోదును. ఎనిమిది నెలలు గట్లనే.”

“కాళ్లు తిమ్మిర్లెక్కవా?”

“ఎక్కుతయి. ఎక్కినంక తెల్వదు గద.” ఆమె తన ఎడమ భుజాన్ని చేత్తో తడుముకుంది. “గిప్పుడు కదలకుంట నిలవడ్త గని, ఎవల నిద్ర చెడద్దని నిలవడుతున్ననో నాకే సమజ్ కాదు.”

నేను రిజిస్టర్‌లోకి చూస్తూ కూర్చున్నాను. నాకు ఓదార్చడం రాదు. మైసయ్య పోయాక ఆమె చాలాకాలం ఒక గులాబీ తోటలో పూలకట్టలు కట్టింది. చేతులకు ముళ్లు గుచ్చుకుని గుచ్చుకుని వేళ్లు గట్టిపడ్డాయి. అక్కడి నుంచి ఫామ్‌హౌస్‌కు వచ్చింది. మొయినాబాద్‌లో పంక్చర్ షాపు వెనక ఒక గది కిరాయికి తీసుకుని ఒక్కతే ఉండేది.

మా కథ గురించి అందరికంటే ఎక్కువ ఆలోచించింది కూడా అంతమ్మే. ఫ్యానూ కుక్కా ఆమెకు పట్టవు. ఒకరోజు అన్నం తింటూ సూటిగా అడిగింది.

“లోకం ఆగినప్పుడు గోపి మా ఇండ్లల్లకు వస్తడు. తింటడు, సామాన్లు జరుపుతడు, పోతడు. మల్ల తుమ్మినంక మాకు ఎందుకు తెల్వదు?”

“మీకు కాలం నడవలే గద అవ్వ. మీకు ఏం కానట్టే.”

“కాలం నడవకపోనీ. చెంబు జరిగింది గద?”

“జరిగితే?”

“నీ ఇంట్ల మంది ఉంటరు. చెంబు జరిగితె ఎవలో తీసిన్రనుకుంటవు. నా ఇంట్ల పొద్దున ఏడ పెట్టింది మాపటికి గాడనే ఉంటది. చెంబు జరిగిందంటె మనిషి వచ్చినట్టే.” ఆమె అన్నం కలపడం ఆపింది. “ఒకనాడు నేను పనికెళ్లి ఇంటికి పోయేసరికి చెంబు బోర్లేసి ఉన్నది. నేను ఎన్నడు బోర్లెయ్య. ఎవలు వచ్చిన్రు, ఎవలు వచ్చిన్రు అని రెండు గంటలు తలుపు తీసిపెట్టి కూసున్న. ఇంటామె సక్కుబాయి, వాన కొడుతున్నదని తాళం తీసి, కిటికి మూసి, చెంబు బోర్లేసి పోయిందట. ఆమెకు చాయ్ పోసి, బిస్కెట్లు పెట్టిన. గింత దానికి ఇంత మర్యాదేంది అన్నది ఆమె.”

రెండేళ్లుగా నేను రాసుకున్న రిజిస్టర్లలో ఇంత గట్టి లాజిక్ ఒక్కటీ లేదు.

ఈ ఏడాది ఎండాకాలంలో ‘ఒక్క తుమ్ము’ ఆపేస్తున్నారని కబురొచ్చింది. చివరి ఎపిసోడ్‌లో గోపి ఊరందరి ఇళ్లకూ ఒకసారి తిరుగుతాడు. అంతమ్మ ఇంట్లోకి కూడా వచ్చి, ఆమె చేతిలో ఉన్న కంచంలోంచే తిని పోతాడు. సీన్ చదివి వినిపించాక ఆమె నా చెయ్యి పట్టుకుంది. రెండేళ్లలో ఏమీ అడగని మనిషి.

“బిడ్డా, ఒక్క మాట పెట్టియ్యి. ‘ఎవరో వచ్చి పోయిన్రు’ అని. అంతే. నేను గుర్తువట్టినట్టు టీవీల రావాలె. ఆగిన మనిషికి ఏం తెల్వదనుకుంటరు అందరు.”

ప్రణవ్ సార్‌తో గొడవపడ్డాను. “ఫ్రీజ్ అయినవాళ్లకు తెలిసిందంటే కథే కూలిపోతుంది. ఇన్నాళ్లూ ఎవరికీ తెలియనిది ఆవిడకెలా తెలుస్తుంది?” అన్నాడు ఆయన. ఆమె ఒంటరిగా ఉంటుంది సార్, పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి, అన్నాను. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. “సరే. ఒక్క వాక్యం, ఒకటే టేక్. బాగా రాకపోతే లేపేస్తాను.”

వారం రోజులు ఆమె ఆ మూడు ముక్కలే పలికింది. కోపంగా అనాలా, భయంగా అనాలా అని అడిగేది. ఎట్లనిపిస్తే గట్లను అని చెప్పాను. పంక్చర్ షాపు వాళ్లకు, సక్కుబాయికి, కూరగాయల బండి ఆమెకు, అందరికీ చెప్పేసింది. ఆమె అంత మాట్లాడటం నేను అంతకుముందు చూడలేదు. ఆ మాట తీసేస్తే ఆమె వాళ్లందరికీ ముఖం ఎలా చూపిస్తుందని నాకు దిగులు పట్టుకుంది. అందుకే షూటింగ్ రోజు పొద్దున్నే నా అలవాటు ప్రకారం గట్టిగా చెప్పాను.

“అవ్వ, మొదటి తుమ్ముకు ఎట్ల ఆగుతవో రెండో తుమ్ముదాక అట్లనే ఉండాలె. వేలెడు జరిగినా రెండు షాట్లు అతకవు. అతకకపోతే నీ మాట తీసేస్తరు. ఎవరు పిలిచినా కదలకు.”

శనివారం అది. ఫామ్‌హౌస్ వెనక పనివాళ్ల గదిని అంతమ్మ వంటిల్లుగా మార్చాం. సీన్‌లో ఆమె, సాయి తేజ తప్ప వేరే నటులు లేరు. ఎడమ చేతిలో అన్నం కంచం, కుడి చెయ్యి గూటిలోని ఉప్పు డబ్బా మీద. సాయి తేజ తుమ్మాడు. ఆమె ఆగింది. అతను వచ్చాడు, సగం అన్నం తిన్నాడు, నీళ్లు తాగి గ్లాసు కిటికీలో పెట్టాడు. చక్కగా వచ్చింది. ఇక కెమెరా కొంచెం ముందుకు జరిపి రెండో తుమ్ము తీయాలి. అప్పుడే జనరేటర్ ఆగిపోయింది.

ప్రొడక్షన్ చూసే శ్రవణ్, మొయినాబాద్ నుంచి మెకానిక్ రావాలి, ఈలోపు లంచ్ కానిచ్చేయండి అని కేకేశాడు. అందరూ ఫామ్‌హౌస్ ముందున్న షెడ్డులోకి పోయారు. ఆగినవాళ్లను ‘ఇక కదలండి’ అని విడిపించవలసింది నేను. ఇంకెవరి పనీ కాదు. సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. వేరే సీరియల్‌లో ఉద్యోగం ఉందని సిటీ నుంచి పిలుపు. మాట్లాడుతూ బయటికి నడిచాను. నవ్వుతూ కూడా నడిచాను, దాచడమెందుకు.

భోజనాల దగ్గర ఒక ప్యాకెట్ మిగిలింది. ఎవరు తినలేదని శ్రవణ్ అడిగాడు. “శనివారం కదా, ఎవరో ఒక్కపొద్దు ఉండుంటారు” అన్నది నేనే. అందరికీ సబబుగానే తోచింది. ఎవరు లేరని ఒక్కరూ తల తిప్పి చూడలేదు. రెండేళ్లు ప్రతి మనిషి చిటికెనవేలు ఎక్కడుందో రాసుకున్నదాన్ని, మనిషే కనబడటం లేదని గమనించలేదు.

జనరేటర్ బాగై లైట్లు వెలిగేసరికి గంటా పది నిమిషాలైంది. కంచంలో అన్నం ఎంత మిగిలిందో ఫోటోతో సరిచూద్దామని నేను ముందుగా వెనక గదికి వెళ్లాను.

అంతమ్మ నిలబడే ఉంది. ఎడమ చేతిలో కంచం, కుడి చెయ్యి ఉప్పు డబ్బా మీద. రవిక వీపంతా చెమటతో తడిసిపోయింది. మోకాళ్లు సన్నగా వణుకుతున్నాయి. మిగిలిన అన్నం మీద ఈగలు ముసిరాయి. నా అడుగుల చప్పుడు విని, పెదవులు కదిలీ కదలనట్టుగా అడిగింది.

“రెండో తుమ్ము ఇంక పడలే గద బిడ్డా?”

కంచం లాక్కుని కింద పెట్టి, ఆమెను పట్టుకుని కూర్చోబెట్టబోయాను. ఆమె కూర్చోలేదు.

“తియ్యకు, తియ్యకు. అతకదన్నవు గద.”

“అందరు పోయిన్రు అవ్వ! తిన్నరు కూడ! నేనే చెప్పుడు మరిచిన. నువ్వెందుకు పిలవకపోయినవు?”

“చప్పుడు బంద్ అయింది. పోయిన్రేమో అనుకున్న. మల్ల గోపి కథల గూడ గట్లనే చప్పుడు బంద్ అయితది గద, ఇదే గావచ్చు అనుకున్న.” ఆమె నా ముఖం చూసి నన్నే ఓదార్చింది. “ఏడ్వకు. ఒక్కదాన్నే ఉండుడు నాకు కొత్తనా?”

షాట్ రేపు తీద్దామని నేను బతిమాలాను. రేపు సెట్ ఉండదని ఆమెకు తెలుసు. కాళ్లు రుద్దించుకుని, గుక్కెడు నీళ్లు తాగి, కంచం తీసుకుని మళ్లీ నిలబడింది. ఫోటోతో సరిచూశాను. వెంట్రుకవాసి తేడా లేదు.

సాయి తేజ రెండోసారి తుమ్మాడు. అంతమ్మ కదిలింది. ఉప్పు డబ్బా తీసింది. కంచంలోకి చూసింది. సగమే ఉంది. తల ఎత్తి గది అంతా చూసింది. కిటికీలో గ్లాసు కనబడింది. దగ్గరికి పోయి దాన్ని వేలితో ముట్టింది.

“ఎవరో వచ్చి పోయిన్రు” అంది.

కోపం లేదు, భయం లేదు. ప్రణవ్ సార్ కట్ చెప్పబోయాడు. ఆమె ఆగలేదు. తలుపు దాకా నడిచి బయటికి చూస్తూ, మేము రాయని మాటలు అన్నది.

“వచ్చినోళ్లు జర లేపొద్దా నన్ను. కూసోమందును గద. ఇంకింత అన్నం పెడుదును.”

సాయి తేజ చేతిలో రుమాలు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. కాసేపటికి ప్రణవ్ సార్ కట్ చెప్పి, నా చెవి దగ్గరికి వచ్చాడు. “బాగా చేసింది. కానీ కామెడీ పోయింది కవితా. మొదటి మాట ఉంచుతాను. తర్వాతవి ఉండవు.” ఆ పూట నాకు ఎవరి మీదా అరిచే మొహం లేదు.

ఎపిసోడ్ వచ్చిన ఆదివారం మధ్యాహ్నం నేను అంతమ్మ గదికి వెళ్లాను. సిటీలో కొత్త ఉద్యోగంలో అప్పటికే చేరిపోయాను. సెలవు పెట్టుకుని మరీ వెళ్లాను. మంచం, పొయ్యి, గోడకు మైసయ్య ఫోటో, ఒక చిన్న టీవీ. నన్ను మంచం మీద కూర్చోబెట్టి తను కింద కూర్చుంది. సక్కుబాయి వాళ్లు పెళ్లికి పోయారట, పంక్చర్ షాపు ఆదివారం కట్టేసి ఉంది. ఎవరినీ పిలవలేదా అని అడిగితే, చెప్పిన, చూస్తరేమో వాళ్ల వాళ్ల ఇండ్లల్ల, అంది.

ఆమె వంతు వచ్చింది. కంచం, గ్లాసు, కిటికీ. “ఎవరో వచ్చి పోయిన్రు” అంది టీవీలో అంతమ్మ. వెంటనే గొల్లున నవ్వులు. వంద మంది ఒక్కసారి నవ్వినట్టు పెద్ద నవ్వు. సీన్ మారిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె నోట్లోంచి వచ్చిన ఆ మాట మీదా నవ్వులు కలిపింది వీళ్లు?

అంతమ్మ టీవీ వైపే చూస్తోంది. “కూసోమన్నది తీసేసిన్రా?”

“తీసేసిన్రు అవ్వ.”

“నవ్వింది ఎవలు? మనం తీసినప్పుడు ఎవలు నవ్వలే గద.”

అబద్ధం చెబుదామనుకున్నాను. జనం నవ్వారవ్వ, నీ మాట అంత నచ్చింది అందామనుకున్నాను. ఆమెతో అబద్ధం ఆడే హక్కు ఆ శనివారంతోనే పోయింది.

“ఎవరు లేరవ్వ. ఎన్నడో ఎవరో నవ్వితే రికార్డు చేసి పెట్టుకున్నరు. ఎక్కడ కావాలంటే అక్కడ అతికిస్తరు.”

ఆమె టీవీ వైపు వేలు చూపింది.

“అంటె ఆ నవ్వు గప్పుడు ఆగిపోయింది. గిప్పుడు ఇడిసిన్రు.”

“గట్లనే అనుకో.”

“నవ్వినోళ్లు ఉన్నరో లేరో గూడ తెల్వదన్నట్టు.”

“తెల్వదు.”

ఎడిటింగ్ చేసే అతను పంపిన ఆ చిన్న ముక్క నా ఫోన్‌లో ఉంది. ఆమె కోసమే తీసుకెళ్లాను, ముందుగా చూడలేదు కాబట్టి అందులో నవ్వులున్నాయని నాకు తెలియలేదు. చూపించనా వద్దా అనుకుంటూనే బయటికి తీశాను. ఆమె దగ్గరికి జరిగి మంచం పట్టె మీద మోచెయ్యి పెట్టుకుంది.

“పెట్టు బిడ్డా. నా మాట ఇన్న, సాలు. ఆ నవ్వు ఉన్న కాడ పెట్టు.”

“ఎందుకవ్వ?”

“ఈ ఇంట్ల గింతమంది నవ్వక ఏడేండ్లాయె.”

నేను సౌండు పూర్తిగా పెంచి పెట్టాను. మూడు సెకన్ల నవ్వు అది. అయిపోగానే మళ్లీ పెట్టమంది.